అర నిమిషం చీకటి

సాయంత్రం ఆరింటికి స్విచ్ వేస్తే మా చేపల తొట్టె మీద ఏమీ వెలగదు. అడాప్టర్ నెత్తిన ఆవగింజంత ఆకుపచ్చ చుక్క ఒకటి వెలిగి ఊరుకుంటుంది. మొదటిరోజు నేను ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాను, వైరు కదిపి చూశాను, ఇక లాభం లేదని లైటు చేసిచ్చినాయనకు ఫోన్ చేశాను.

"అన్నా, లైటు వెలుగుత లేదే."

"స్విచ్ ఏసి ఎంతసేపాయె సార్?"

"ఇప్పుడే వేసిన."

"అయితే జర ఆగుండ్రి. లైటొస్తున్నదని చేపలకు తెల్వాలె గద!"

ఆయన మాట పూర్తికాకముందే తొట్టె మీద బూడిద రంగు తేలింది. తెల్లవారుజామున కిటికీ అద్దం మీద ఉండే వెలుతురంత పలచన. అది మెల్లగా తెల్లబడింది. ఒక్క క్షణం వెనకగా ఎర్ర దీపాలు అందుకున్నాయి. గప్పీలు ఎక్కడివక్కడే ఉండి, తోకలు విప్పుకుని, తీరిగ్గా పైకొచ్చాయి. అంతకుముందున్న లైటు వేసినప్పుడల్లా బెదిరి అద్దానికి కొట్టుకునేవి. పాపం, చేపకు రెప్పల్లేవు. చటుక్కున వెలుగు మీదపడితే కళ్ళు మూసుకునే వీలు కూడా దానికి లేదు.

ఆ అర నిమిషం చీకటి లెక్కకట్టి పెట్టిందని అప్పుడు తెలిసింది. అది తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. తర్వాతి ఆదివారం ఆ లైటు ఊడదీసుకుని ఆయన దుకాణానికే పోయి, విప్పించి, కట్టేటప్పుడు చూసినవి పోను మిగతావి ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను.

ఆయన దుకాణం ఝరాసంగంలో. ఆ ఊరి పేరు అనగానే జహీరాబాద్ వాళ్ళకైనా, సరిహద్దు అవతల బీదర్ వాళ్ళకైనా గుర్తొచ్చేది కేతకీ సంగమేశ్వరుడే. శివపూజకు పనికిరాదని మిగతాచోట్ల పక్కన పెట్టే మొగలిపువ్వు ఇక్కడ స్వామి నెత్తికెక్కుతుంది. గుండంలో మునిగి రాజొకడు చర్మరోగం పోగొట్టుకున్నాడని స్థలపురాణం. శివరాత్రి జాతరకు దుకాణాల ముందు సీరియల్ సెట్లు వేలాడతాయి. ఆ సెట్లలో మాడినవి, ఎలుక కొరికినవి బాగుచేసే పని ఈయన దగ్గరికి వస్తుంది. అసలు వృత్తి మాత్రం బోరు మోటార్ల వైండింగ్. పేరు రాయొద్దన్నాడు. "పేరు రాస్తే అందరు చేపల లైట్లే అడుగుతరు సార్, మోటార్లు ఎవలు జుట్టాలె?" అన్నాడు. సరేనన్నాను.

వైండింగ్ దుకాణం అంటే ఏమిటో పల్లెల్లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. గడప దగ్గరే కాలిన వార్నిష్ వాసన ఎదురొస్తుంది. ఒక మూల రాగితీగ చుట్టలు, ఒక మూల బురద కూడా కడగని మోటార్లు, నడుమ పీట. అక్కడికి వచ్చే మోటారు బాగుండి రాదు. లో ఓల్టేజీకో, బురద పట్టేసో, ఫేజు ఒకటి పోయో, మోయాల్సిన దానికన్నా ఎక్కువ మోసి మాడాకే వస్తుంది. ఈయన బతుకంతా హద్దు దాటి వాడిన వస్తువుల నడుమే గడిచింది. ఇంకొకటి కూడా ఉంది. బోరు మోటారు లోపలంతా నీళ్ళే. ఆ నీళ్ళలోనే, ప్లాస్టిక్ పొర తొడిగిన రాగితీగ మీద నాలుగు వందల పైచిలుకు వోల్టుల కరెంటు ఉంటుంది. నీళ్ళనూ కరెంటునూ ఒకే గొట్టంలో కాపురం చేయించడమే ఈయన వృత్తి. చేపల తొట్టెకు లైటు చేయడానికి ఇంతకన్నా తగిన మనిషి ఎక్కడ దొరుకుతాడు?

పన్నెండు వోల్టులతో చేద్దామన్నది కూడా ఆయనే. "మా దగ్గర లో ఓల్టేజ్ అంటే మోటార్లు కాలుడే. గిదొక్కటే మంచి లో ఓల్టేజ్" అని నవ్వాడు. తడి చేత్తో ముట్టుకున్నా, వైరు జారి నీళ్ళలో పడ్డా, పన్నెండు వోల్టులు మనిషిని ఏమీ చేయవు. గోడలో ఉన్న 230 వోల్టులు తొట్టెకు దూరంగా, గోడ దగ్గరే ఆగిపోవాలి. లైటు కట్టడమంతా ఆ ఒక్క ఏర్పాటు మీద నిలబడుతుంది.

అంతకుముందు నేను రెండు లైట్లు పాడుచేశాను. ఒకటి కొన్నది. ప్లాస్టిక్ మూత లోపల పట్టీ అంటించి, చుట్టూ సిలికాన్ పూసి ఇచ్చారు. ఒక వానాకాలం గడిచేసరికి సగం ఆరిపోయింది. విప్పితే రాగి దారులన్నీ చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. రెండోది నా సొంత ప్రయోగం. ఒక్కో ఎల్‌ఈడీకి మూడు వోల్టులు కావాలని ఎక్కడో చదివి, మూడు వోల్టుల అడాప్టర్‌కు ఇరవై ఎల్‌ఈడీలు పక్కపక్కనే, రెసిస్టర్ అన్నది లేకుండా తగిలించాను. బ్రహ్మాండంగా వెలిగాయి. నాలుగో రోజు ఒకటి నీలంగా తిరిగి ఆరిపోయింది. వారంలో ఆరు పోయాయి.

అది విని ఆయన చెప్పిన మాట నాకు బాగా నచ్చింది: "తాగుబోతుల పంక్తి సార్ అది." ఎల్‌ఈడీ వేడెక్కిన కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ కాస్త తగ్గుతుంది. తగ్గిన కొద్దీ, అదే వోల్టేజీ దగ్గర, కరెంటు ఎక్కువ తాగుతుంది. తాగిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. పక్కపక్కన కట్టినప్పుడు అన్నిటికంటే ముందు వేడెక్కిందే ఎక్కువ వాటా లాక్కుంటుంది. అది పోయాక దాని వాటా మిగతావాటి మీద పడుతుంది. పట్టి ఆపే మనిషి ఒకడు ఉండాలి. ఆ మనిషి పేరే రెసిస్టర్.

ఇక ఆయన కట్టిన లెక్క చూడండి. తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 56 లీటర్లు పడుతుంది. తెల్ల వెలుగు కోసం వాడింది మామూలు 3528 పట్టీ. ఆ అంకె మరేమీ కాదు, ఒక్కో ఎల్‌ఈడీ 3.5 మిల్లీమీటర్ల పొడవు, 2.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందని. పట్టీ మీద ప్రతి ఐదు సెంటీమీటర్లకు ఒక కత్తెర గుర్తు ఉంటుంది. అక్కడ తప్ప ఇంకెక్కడ కోసినా ఒక ముక్క చస్తుంది. ఎందుకంటే గుర్తుకూ గుర్తుకూ మధ్య మూడు ఎల్‌ఈడీలు, ఒక రెసిస్టర్ కలిసి ఒక కుటుంబం. జాతర సీరియల్ సెట్టులో ఒక బల్బు పోతే దాని వరసంతా పోతుంది. ఇక్కడా అంతే, కానీ వరస మూడింటితోనే ముగుస్తుంది కాబట్టి నష్టం ఐదు సెంటీమీటర్లే.

మూడే ఎందుకు? తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోటి దాదాపు 3.2 వోల్టులు తీసుకుంటుంది. నాలుగు వరస కడితే 12.8, చాలదు. మూడు కడితే 9.6 పోను 2.4 మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని మింగడానికే రెసిస్టర్ ఉంది. భూతద్దం పెట్టి చూస్తే దాని నల్లటి వీపు మీద 151 అని ఉంటుంది. 15 పక్కన ఒక సున్నా, అంటే 150 ఓంలు. 2.4ను 150తో భాగిస్తే 16 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. ఈ జాతి ఎల్‌ఈడీ 20 మోస్తుంది. మోయగలిగినదానికి నాలుగు తక్కువే దాని నెత్తిన పెట్టారు.

యాభై ఐదు సెంటీమీటర్ల పట్టీలు రెండు, అంటే ఇరవై రెండు కుటుంబాలు, అరవై ఆరు ఎల్‌ఈడీలు. ఇంతవరకు దుకాణంలో దొరికే సరుకే. ఆయన చేతి పని ఎర్రవాటి దగ్గర మొదలవుతుంది.

తెల్ల ఎల్‌ఈడీని ఆర్పి ఉన్నప్పుడు ఎప్పుడైనా తేరిపార చూశారా? దాని ముఖం నిమ్మపండు రంగులో ఉంటుంది. నిజానికి అందులో తెల్లది ఏదీ లేదు. లోపల నీలం వెలుగునిచ్చే గసగసంత ముక్క, దాని మీద పసుపు పూత. నీలంలో కొంత పూత గుండా దాటి వస్తుంది, మిగతాది పూతను తాకి పసుపుగా మారుతుంది. రెండూ కలిస్తే మన కంటికి తెలుపు. ఆ నీలం ముక్క కోసం లోకం చాలా కాలం కాచుక్కూచుంది. నిక్ హోలోన్యాక్ అమెరికాలో 1962లోనే ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించాడు. జపాన్‌లో అకాసాకి, అమానో, నకమురా నీలాన్ని ప్రకాశవంతంగా వెలిగించేసరికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. 2014లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. నీలం వెలుగు రేణువు ఎరుపుదానికంటే బరువైన మూట. దాన్ని పైకెత్తడానికి వోల్టులూ ఎక్కువే కావాలి. ఎర్రదానికి రెండు చాలుతుంటే తెల్లదానికి మూడు పైచిలుకు అవసరం కావడానికి కారణం అదే.

నీలం మీద పసుపు పూసి తెచ్చిన తెలుపులో ముదురు ఎరుపు పలచన. దానికి తోడు నీళ్ళు మొదట మింగేది కూడా ఎరుపునే. అందుకే చవక తెల్ల లైటు కింద ఎర్ర తోక గప్పీ ఇటుకపొడి రంగులో, దిగులుగా కనబడుతుంది. ఈ సంగతి నేను చెప్పలేదు, ఆయనే తొట్టె ముందు గొంతుక్కూచుని కనిపెట్టాడు. "తోకకు రంగు లేదేంది సార్, అమ్మినోడు గిట్లనే ఇచ్చిండా?" అని అడిగి, చేపను బయటి ఎండలో ఒక గ్లాసులో పెట్టి చూసి, తప్పు లైటుదని తేల్చాడు.

దాంతో తెల్ల పట్టీల నడుమ పదిహేను ఎర్ర ఎల్‌ఈడీలు, ఐదేసి చొప్పున మూడు వరసలు చేరాయి. ఐదు రెళ్ళు పది. మిగిలింది రెండు వోల్టులు. 100 ఓంల రెసిస్టర్ పెడితే సరిగ్గా 20 మిల్లీ ఆంపియర్లు వస్తాయి, పుస్తకం ప్రకారం అదే సరైనది. ఆయన డబ్బాలో వెతికి గోధుమ, ఎరుపు, గోధుమ చారలున్న రెసిస్టర్లు మూడు తీశాడు. అంటే 120 ఓంలు. పదహారు పైచిలుకు మిల్లీ ఆంపియర్లు. వంద ఓంలవి అదే డబ్బాలో, చేతికి ఇంకా దగ్గరగా ఉన్నాయి.

"వంద పెట్టొచ్చు గద అన్నా?"

"పెట్టొచ్చు సార్. గానీ బండి ఎనభై పోతది గదా అని రోజూ ఎనభై మీదనే నడుపుతమా?"

ఎల్‌ఈడీలకు డయోడ్ రక్షణ పెట్టమని నేనే అన్నాను. ప్లస్సు, మైనస్సు ఎవరైనా తారుమారు చేస్తే కాలిపోతాయేమోనని నా భయం. ఆయన వద్దన్నాడు. డయోడ్ పెడితే అది 0.7 వోల్టు తినేస్తుంది. మనకున్న మిగులే రెండు, రెండున్నర. అందులో ముప్పావు వోల్టు పోతే వెలుగు మూడో వంతు పడిపోతుంది. పైగా ఒక్కో ఎల్‌ఈడీ వెనకవైపు నుంచి ఐదు వోల్టుల దాకా తట్టుకుంటుంది. మూడు వరస ఉంటే పదిహేను. మన దగ్గర ఉన్నది పన్నెండే. తిరగేసి పెడితే వెలగదు, కాలదు. అనవసరమైనది పెట్టకపోవడం కూడా చేతనైన పనే. ఒట్టి జాగ్రత్తకూ తెలిసిన జాగ్రత్తకూ ఉన్న తేడా నాకు అక్కడ కనబడింది.

ఇక టంకం. ఈ లైటులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంటి ముందుకు కళాయి వేసే అతను వచ్చేవాడు. ఇత్తడి గిన్నెను బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, నవసాగరం చల్లి, తగరం ముక్క తాకించి, గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. నవసాగరం పొగకు దగ్గొచ్చినా అక్కణ్ణుంచి కదిలేవాళ్ళం కాదు. ఈయన వైరు కొసకు చేసింది అచ్చంగా అదే. పైతొడుగు నాలుగు మిల్లీమీటర్లు గీసి, సన్నటి రాగి పోగులను బొటనవేలు, చూపుడువేలి మధ్య వత్తిలా మెలిపెట్టి, పేస్టులో ముంచి, కాలిన సోల్డరింగ్ ఐరన్ మొనకు తాకించాడు. తగరం ఒక్కసారిగా పోగుల మధ్యకు పారి, రాగి ఎరుపు మాయమై వెండి రంగు తేలింది. "గిది కళాయి" అన్నాడు. తన పని పేరు ఆయన ఇంగ్లీషులో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. మాట పాతది, పనీ పాతదే.

కళాయి పట్టిన వైరును అప్పటికే కళాయి పట్టిన పట్టీ చివర మీద ఆనించి, రెండంకెలు లెక్కపెట్టేంతసేపు వేడి చూపించి తీసేశాడు. తీశాక చేయి కదపలేదు. ఊపిరి కూడా బిగబట్టాడు. తగరం గట్టిపడే ఆ ఒక్క క్షణంలో చేయి వణికితే టంకం మెరవదు, బూడిదలా గరుగ్గా తేలుతుంది. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, ఆరునెలలకు వేడికీ చలికీ విడిపోతుంది. ఈ లైటులో మొత్తం నలభై దాకా అతుకులున్నాయి. భూతద్దం పట్టి అన్నీ చూశాను. రెండు మాత్రం కాస్త బొద్దుగా ఉన్నాయి, మిగతావన్నీ వానచుక్క ఆకు మీద కూర్చున్నట్టు అంచులు పలచబడి, నడుమ ఉబ్బి, అద్దంలా ఉన్నాయి. ఇక్కణ్ణుంచి బీదర్ ఎంతో దూరం లేదు. అక్కడ జింకు పాత్ర మీద వెండితీగ పొదిగి, కోట మట్టితో నలుపు తేల్చే బిద్రీ పనివాళ్ళను చూడటానికి దేశాలు దాటి వస్తారు. రావలసిందే. కానీ బిద్రీ పనితనం పైనే ఉంటుంది, అందరికీ కనబడుతుంది. ఈ నలభై అతుకులు మూత పెట్టాక ఎవరికీ కనబడవు.

ఆ మూత సంగతి కూడా చెప్పాలి. పట్టీ వెనక ఉన్న జిగురు కాగితాన్ని ఆయన నమ్మలేదు. తలుపులకు వాడే అల్యూమినియం సెక్షన్ ముక్క ఒకటి తెచ్చి, గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, అప్పుడు పట్టీ అంటించి, మళ్ళీ అక్కడక్కడ సన్నటి దారంతో కట్టాడు. మోటారు కాయిల్ తలలను దారంతో కట్టే అలవాటు ఇక్కడా పోలేదు. అల్యూమినియం ఎందుకంటే ఎల్‌ఈడీ వేడి ముందుకు రాదు, వీపు వైపు పోతుంది. ఆ వీపుకు ఆనుకుని చల్లటి లోహం ఉండాలి. మా ఇంటి రేకుల కింద మే నెలలో అసలే నిప్పులు కురుస్తాయి.

కిందివైపు పారదర్శకమైన ఆక్రిలిక్ పలక పెట్టి, అంచులు సిలికాన్‌తో మూశాడు. నా మొదటి లైటు ఎందుకు చిలుము పట్టిందో ఇక్కడ బయటపడింది. తొట్టె అద్దాలు అతికించే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు సిర్కా వాసన వస్తుంది. వాసనే కాదు, వచ్చేది సిర్కాలోని ఆమ్లమే. అద్దానికి దానివల్ల ఏ బాధా లేదు. రాగి దగ్గర, మూసిన డబ్బాలో, ఆ ఆమ్లం పోయే దారి లేక రాగినే తింటుంది. చింతపండుతో రాగిచెంబు తోమిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే ఇది. దానికి బదులు ఆమ్లం వదలని న్యూట్రల్ రకం వాడాలి. గొట్టం మీద ఉన్న పేరు ఈయన చదవలేదు. చుక్క వేలిమీద వేసుకుని వాసన చూసి, "గిది రాగికి పడది" అని ఒకటి పక్కన పెట్టి, ఇంకోటి తీసుకున్నాడు. మాడిన మోటారు వాసన చూసి ఏ ఫేజు పోయిందో చెప్పే ముక్కు అది.

అంత గట్టిగా మూసినవాడు పైభాగాన మాత్రం డ్రిల్లుతో పెసరగింజంత రంధ్రం ఒకటి పెట్టాడు. నాకు అర్థం కాలేదు. మూసినా చెమ్మ ఎక్కడో ఒకచోట దూరుతుందట. దూరింది బయటికి పోయే దారి లేకపోతేనే ముప్పు. దూరకుండా చేయలేనప్పుడు పోనిచ్చే దారి పెట్టాలి. మా బోరు నీళ్ళు గరుకు, గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే రకం. చుక్క ఎగిరిపడి ఆరిన చోటల్లా సున్నం మరక మిగులుతుంది. అందుకే లైటును నీటికి నాలుగంగుళాల ఎత్తున, రెండు కాళ్ళ మీద నిలబెట్టాడు. ఆక్రిలిక్‌ను వారానికోసారి తడిగుడ్డతో తుడవమని చెప్పాడు. తుడవకపోతే నెలలో వెలుగు మసకబారుతుంది. ఒక నెల నేను తుడవలేదు, అందుకే తెలుసు.

అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపియర్లది. బీఐఎస్ నమోదు గుర్తున్నది తప్ప ఇంకోటి ఒప్పుకోలేదు. 230 వోల్టులనూ పన్నెండునూ వేరుచేసే గోడ ఆ డబ్బాలోనే ఉంది, ఆ గోడ కూలితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. మీటరు పెట్టి చూస్తే లైటంతా కలిపి లాగేది దాదాపు 0.4 ఆంపియర్. అంటే అడాప్టర్ తన సత్తాలో ఐదో వంతే వాడుతోంది, చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా కూడా ఉండదు. రోజుకు ఎనిమిది గంటలు వేసినా నెలకు ఒకటిన్నర యూనిట్ల లోపే. ఎనిమిది దాటనివ్వొద్దని కూడా ఆయనే అన్నాడు, దాటితే అద్దాలకు పాచి పడుతుంది. అడాప్టర్ నుంచి వచ్చే వైరు నేరుగా తొట్టెకు రాదు. నేల వైపు జారి, ఊయలలా వేలాడి, మళ్ళీ పైకి లేస్తుంది. వైరు వెంట నీటిచుక్క జారినా ఆ ఊయల అడుగు నుంచి నేల మీద పడుతుంది తప్ప ప్లగ్గు దాకా ఎక్కలేదు. పైసా ఖర్చు లేని ఆ వంపు అందంగా లేదని మా ఇంట్లో ఒకరు వైరును గోడకు బిగించబోయారు. నేను ఒప్పుకోలేదు.

చివరగా ఆ అర నిమిషం. లైటు కాలి పక్కన అగ్గిపెట్టె అంత డబ్బా ఉంది. అందులో ఉన్నవి నాలుగే నాలుగు: పాత ఇన్వర్టర్ బోర్డు నుంచి పీకిన మాస్‌ఫెట్ ఒకటి, వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి, లక్ష ఓంల రెసిస్టర్ ఒకటి, దాని పక్కన 4,70,000 ఓంలది ఇంకొకటి. చెరువు తూము తెలిసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మాస్‌ఫెట్ తూము. కెపాసిటర్ కుండ. లక్ష ఓంల రెసిస్టర్ ఆ కుండలోకి పోసే సన్నటి ధార. స్విచ్ వేయగానే కుండ నిండటం మొదలవుతుంది. మట్టం రెండు వోల్టులు దాటేవరకు తూము కదలదు. రెండుకూ నాలుగుకూ మధ్య తలుపు కొద్దికొద్దిగా లేస్తుంది. అక్కడికి చేరడానికి ఇరవై నుంచి నలభై సెకన్లు పడుతుంది. అదే మా తొట్టెలో పొద్దుపొడుపు. నాలుగోది, 4,70,000 ఓంలది, కుండ అడుగున పెట్టిన చిల్లి. స్విచ్ ఆర్పాక నిదానంగా కుండ ఖాళీ చేసి మర్నాటికి సిద్ధం చేస్తుంది.

ఆ మాస్‌ఫెట్ ఐఆర్‌ఎఫ్‌జెడ్ 44ఎన్. 49 ఆంపియర్లు మోసే జాతి. దాని నెత్తిన ఇప్పుడున్నది 0.4. ఏనుగు మీద గంప పెట్టినట్టుందని నేనంటే, "ఏనుగు ఉత్తగనే వచ్చింది సార్, గంప మనదే" అన్నాడు.

ఈ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాను. పెద్ద మోటారును ఒక్కసారిగా ఫుల్ కరెంటు మీద ఎక్కించరు. స్టార్టర్‌లో ముందు స్టార్‌లో తిప్పి, వేగం అందుకున్నాక డెల్టాకు మారుస్తారు. లేకపోతే షాఫ్టు అదురుతుంది. "మోటరుకు ఉన్నంత మర్యాద చేపకు ఉండొద్దా?" అన్నాడు. ఇదే మండలంలోని మాచ్‌నూర్‌లో 2008 నుంచి పల్లె ఆడవాళ్ళు సంఘం రేడియోను తామే నడుపుతున్నారు. స్టూడియో మీటలూ వాళ్ళ చేతుల్లోనే. పెద్ద చదువులు లేవని సర్క్యూట్ల జోలికి రాకుండా ఆగే ప్రాంతం కాదిది. అయినా స్టార్ డెల్టా నుంచి గప్పీల దాకా ఒకే గీత గీసినవాణ్ణి నేనైతే ఇంకొకర్ని చూడలేదు.

లోపాలు లేవని అనను. చూడ్డానికి ఈ లైటు ముద్దుగా ఉండదు. కాళ్ళు రెండూ ఒక ఎత్తున లేవు, ఎడమ కాలి కింద అట్టముక్క పెట్టాను. డబ్బా మీద ప్లస్ గుర్తు పాత క్యాలెండర్ నుంచి కత్తిరించిన ఎర్ర కాగితం. ఎర్ర వరసలు ముందు అద్దానికి దగ్గరగా పడటంతో ఎదురుగా కూర్చుంటే నీళ్ళు కాస్త గులాబీ రంగుగా కనిపిస్తాయి, వెనక్కి జరిపితే బాగుండేది. జావా ఫెర్న్, అనూబియాస్ లాంటి ఓపిక మొక్కలకు తప్ప ఎర్రాకు మొక్కలకు ఈ వెలుగు చాలదు. ఇంకో రెండు పట్టీలు పెట్టమంటే, "మొక్కలు మీకు, చేపలు నాకు" అని కొట్టిపారేశాడు. మొండితనంలో ఆయన్ని మించిన వాణ్ణి చూడలేదు. ఆ మొండితనం లేకపోతే ఆ 120 ఓంలూ ఉండేవి కావేమో.

మొన్న ఒక సాయంత్రం టీకి వచ్చాడు. లైటు వెలుగుతుండగానే కరెంటు పోయింది, అర నిమిషంలో వచ్చింది. ఈసారి లైటు మెల్లగా రాలేదు, టక్కున వెలిగింది. నేను ఆయన ముఖం చూశాను.

"కుండ ఇంక ఖాళీ గాలే సార్. పోయి వచ్చిన కరెంటుకు మల్ల తెల్లారుడెందుకు?"

అని, లేచి తొట్టె దగ్గరికి పోయి, అరచేతి వెనకభాగం అల్యూమినియం మీద ఆనించాడు. తర్వాత వంగి, ఆ పెసరగింజంత రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. ఏ వాసనా లేదు కాబోలు, వచ్చి కూర్చుని చల్లారిన టీ తాగాడు.